వైరస్‌ను బండి లెక్క వాడుడు

మొన్న హన్మకొండల చాయ్ తాగుకుంట మా బాపు అడిగిండు, వైరస్‌నే సూదిల పెట్టి ఇచ్చిన్రట నిజమేనారా అని. నిజమే బాపూ, మనం ఏసుకున్న కోవిషీల్డ్‌ల ఉన్నది చింపాంజీల అడినోవైరసే, కాకపోతే ఒంట్ల పెరగకుండ దాని జీన్ తీసేసి కరోనా స్పైక్ (వైరస్ పైనుండే ముల్లు లెక్క ప్రోటీన్) జీన్ పెట్టిన్రు, బండి వైరస్‌ది, సరుకు మనం ఎక్కించింది అన్న.

ఇసొంటి బండ్లల్ల నాకైతే ఏఏవీ (అడినో-అసోసియేటెడ్ వైరస్) అనే చిన్న వైరస్ అంటే మస్తు ఇష్టం, 25 నానోమీటర్లే ఉంటది, 4.7 కిలోబేస్‌ల (అంటే 4,700 అక్షరాల) డీఎన్‌ఏ కంటే పెద్దగ పట్టదు, అయినా ఎస్‌ఎంఏ (జీన్ లోపంతోని కండరాలు బలహీనమయ్యే జబ్బు) ఉన్న పసిపిల్లలకు మంచి జీన్ అదే మోస్తది. గట్ల జీన్ మోసే మందు జోల్‌జెన్‌స్మాకు 2019ల అమెరికాల పర్మిషన్ వచ్చింది. ఒక్కటే డోసు, ఎందుకంటే తర్వాత ఒంట్ల యాంటీబాడీలు తయారై అదే బండిని మళ్ల లోపలికి రానియ్యవు. ధర మాత్రం కోట్లల్ల ఉంది, ఆ తల్లిదండ్రులు చందాల కోసం తిరుగుతుంటే చూడబుద్ధి కాదు.