పప్పు తూకం వేసి చూశాక

యాభైకి దగ్గరపడిన శాకాహారి స్త్రీ కండ పెంచుకోగలదా అని అడిగితే, తప్పకుండా పెంచుకోగలదు అంటాను. గుడ్డు కూడా ముట్టని ఇంట్లో ఉంటూ, రాజమహేంద్రవరంలో బడికి వెళ్లి పాఠాలు చెబుతూనే నేను ఆ పని చేశాను. మెట్లెక్కుతుంటే తొడల్లో సత్తువ చాలడం లేదని డాక్టరు దగ్గరికి వెళ్లాను. మోకాళ్లు బాగానే ఉన్నాయి, తగ్గుతున్నది కండ, బరువులెత్తండి అన్నారు. ముప్పై దాటాక పదేళ్లకు 3 నుంచి 8 శాతం దాకా కండ తరిగిపోతుందనీ, అరవై తర్వాత ఆ వేగం ఇంకా పెరుగుతుందనీ అప్పుడే తెలిసింది.

జిమ్‌లో చేరేముందు వంటింట్లో తూకం యంత్రం పెట్టాను. అప్పుడు నా బరువు 55 కిలోలు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారికి కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. నాకు 46 గ్రాములన్నమాట. అయితే అది శరీరానికి లోటు రాకుండా చూసే లెక్క. బరువులెత్తేవారి మీద జరిగిన 49 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2018లో వచ్చింది. ప్రొటీన్ పెంచినకొద్దీ కనిపించే అదనపు లాభం కిలోకు సుమారు 1.6 గ్రాముల దగ్గర ఆగిపోతుందని అందులో తేలింది. ఆ లెక్కన నాకు 88 గ్రాములు కావాలి.

మా ఇంట్లో పప్పు లేని పూట ఉండదు. కాబట్టి ప్రొటీన్‌కు కొదవ ఏముంటుందని ఎవరైనా అంటారు. నలుగురికి వండే కందిపప్పును కుక్కర్‌లో వేసేముందు తూచాను. 120 గ్రాములు. మనిషి వాటాకు 30. వంద గ్రాముల కందిపప్పులో ప్రొటీన్ 22 గ్రాములే కాబట్టి నా కంచంలోకి వచ్చేది ఆరున్నర గ్రాములు! గరిటెడు పప్పులో ఎక్కువ భాగం నీళ్లే. ఆశ్చర్యమేమిటంటే, రోజుకు తినే పావుకిలో బియ్యం నుంచి ఇంచుమించు 20 గ్రాములు వస్తోంది. పాలు, పెరుగు, ఇడ్లీ కలిపితే మొత్తం 46 దగ్గర తేలింది. లోటు లేదు, కానీ కండ కట్టడానికి మిగులూ లేదు.

పప్పన్నం కలయిక మాత్రం ఎంతో మంచిది. ప్రొటీన్ అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలతో తయారవుతుంది; వాటిలో బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో ఉంటుంది, పప్పులో కొరవడిన మెథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. మన పెద్దవాళ్ల కంచంలో మార్చాల్సింది పాళ్లే. నేను బియ్యాన్ని 150 గ్రాములకు తగ్గించి, పప్పును రెట్టింపు చేశాను. పొద్దున ఇడ్లీకి బదులు 60 గ్రాముల పెసలతో పెసరట్టు. సాయంత్రం గుప్పెడు పుట్నాలు, పల్లీలు. మధ్యాహ్నం కూరలో 40 గ్రాముల మీల్ మేకర్. ఇది ఒక్కటే 20 గ్రాముల ప్రొటీన్ ఇస్తుంది. శాకాహారుల వంటింట్లో ఇంతటి సరుకు మరొకటి లేదని నా అభిప్రాయం. వేడినీళ్లలో నానబెట్టి, రెండు మూడుసార్లు గట్టిగా పిండి వేయిస్తే ఆ పచ్చి వాసన పోతుంది. ఒక్కసారిగా పెంచితే కడుపుబ్బరం వస్తుంది కాబట్టి వారం వారం కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయాను.

ఇంత చేసినా 78 దగ్గర ఆగింది. ఆ పది గ్రాముల కోసమే వే పొడి కొన్నాను. చీజ్ తయారీలో పాలు విరిగాక మిగిలే నీటి నుంచి తీసేదే వే. అది మందు కాదు, మాయ కాదు, పాల నుంచి వచ్చిన ఆహారం. రోజుకు అర స్కూపు నాకు చాలు. డబ్బా మీద స్కూపు బరువెంత, అందులో ప్రొటీన్ ఎంత అన్నది చూడాలి. 30 గ్రాముల స్కూపులో 12 గ్రాములే ఉంటే మిగతాదంతా చక్కెరో పిండిపదార్థమో అన్నమాట. ఇంకో కిటుకు కూడా తెలుసుకోవాలి. మామూలు పరీక్షల్లో నత్రజనిని కొలిచి, దాన్నిబట్టి ప్రొటీన్ లెక్క కడతారు. అందుకని కొందరు గ్లైసిన్, టారిన్ లాంటి నత్రజని ఉన్న చౌక పదార్థాలు కలిపి అంకె పెంచుతారు. విడిగా అమ్మే బీసీఏఏ, అంటే మూడు అమైనో ఆమ్లాల పొడి, నేను కొనలేదు. శరీరం తనంతట తయారు చేసుకోలేని తొమ్మిది అత్యవసర అమైనో ఆమ్లాలూ ఆహారంలో అందుతుంటే, అందులో మూడింటికి మళ్లీ డబ్బు ఎందుకు పెట్టాలి?

తిండి సామగ్రి మాత్రమే. కండ పెరగమని శరీరానికి చెప్పేది బరువే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో గాయపడిన సైనికులకు చికిత్స చేస్తూ థామస్ డిలోర్మ్ అనే అమెరికన్ సైనిక వైద్యుడు పట్టుకున్న సూత్రం ఇప్పటికీ అదే: కండరం అలవాటు పడేకొద్దీ బరువు పెంచాలి. నా నోటు పుస్తకంలో ‘స్క్వాట్ 20 కిలోలు: 8, 8, 6’ అని ఉంటుంది. స్క్వాట్ అంటే భుజాల మీద బరువుతో గుంజీలా కూర్చుని లేవడం. ఆ 20 కిలోలు ఖాళీ రాడ్డు బరువు; 8, 8, 6 అంటే మూడు విడతల్లో, అంటే సెట్లలో, ఎన్నిసార్లు లేచానన్నది. మూడు సెట్లలోనూ ఎనిమిది వచ్చిన రోజున కోచ్ “మేడమ్, ఇక పెంచుదాం” అని అటొకటి, ఇటొకటి 1.25 కిలోల ప్లేట్లు ఎక్కించేవారు. మళ్లీ ఆరుకు పడిపోవడం, మళ్లీ ఎనిమిదికి ఎక్కడం. ఇంకో ఒకటి రెండుసార్లకు మించి ఎత్తలేను అనిపించేదాకా ప్రతి సెట్టూ సాగాలి, ప్రతి పెద్ద కండరానికీ వారానికి రెండుసార్లు పని పడాలి. మొదటి వారాల్లో బలం చకచకా పెరుగుతుంది గానీ అది ఎక్కువగా నాడీ వ్యవస్థ నేర్చుకున్న నేర్పు. కండ కంటికి కనిపించడానికి నెలలు పడుతుంది. చాలామంది ఆ మధ్యలోనే మానేస్తారు, నాకు బాధ కలిగించేది అదే.

“ఈ వయసులో బరువులేమిటమ్మా?” అని మా అత్తయ్యగారు అడిగారు. 1990లో బోస్టన్‌లో జరిగిన అధ్యయనం గురించి ఆవిడకు చెప్పాను. తొంభై ఏళ్ల వృద్ధులు ఎనిమిది వారాలు బరువులతో వ్యాయామం చేస్తే కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ 9 శాతం పెరిగింది. ఆవిడ కాసేపు ఆలోచించి, “నాకింకా డెబ్భై నాలుగే కదా” అన్నారు. ఇప్పుడు రోజూ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం సాధన చేస్తున్నారు.

నేను వాడే మరో పొడి క్రియాటిన్ మోనోహైడ్రేట్, రోజుకు 3 గ్రాములు. కండరాలు తక్షణ శక్తికి వాడుకునే పదార్థమిది. ఇది ఆహారంలో మాంసం, చేపల ద్వారా వస్తుంది కాబట్టి శాకాహారుల కండరాల్లో నిల్వ తక్కువగా ఉంటుంది. మొదట్లో కండరాల్లో నీరు చేరి బరువు కాస్త పెరుగుతుంది, అది కొవ్వు కాదు. రక్తపరీక్షలో మూత్రపిండాల పనితీరును అంచనా వేయడానికి చూసే క్రియాటినిన్ అంకె కూడా కొంచెం పైకి వెళ్లవచ్చు. నా రిపోర్టులో అది గీత దాటింది. క్రియాటిన్ వాడుతున్నానని డాక్టరుకు ముందే చెప్పి ఉన్నాను కాబట్టి ఆయన కంగారు పడకుండా మూత్రపిండాల పనితీరును మరో విధంగా చూసే సిస్టాటిన్ సి అనే రక్తపరీక్ష రాశారు, మూత్రపిండాలు బాగున్నాయని తేలింది. వాటి జబ్బు ఉన్నవారు మాత్రం ఈ పొడిగానీ, ఇంత ప్రొటీన్ గానీ డాక్టరు మాట లేకుండా మొదలుపెట్టకూడదు.

ఇప్పుడు నా శరీర బరువంత భుజాల మీద పెట్టుకుని స్క్వాట్ చేస్తున్నాను. పుల్-అప్, అంటే పైనున్న కడ్డీ పట్టుకుని వేలాడుతూ శరీరాన్ని పైకి లాక్కోవడం, మాత్రం ఇంకా రాలేదు. రబ్బరు పట్టీ ఆసరాతో సాధన చేయిస్తున్నారు కోచ్, పట్టీ మందం తగ్గించుకుంటూ.