ఎల్వీ ప్రసాద్‌లోని నటుడు

హైదరాబాదులో పెరిగినవాళ్లకు ఎల్వీ ప్రసాద్ అనగానే ముందుగా గుర్తుకొచ్చేది బంజారాహిల్స్‌లోని కంటి ఆసుపత్రి. కిందటేడు మా అమ్మకు శుక్లం తీయించడానికి అక్కడికి వెళ్లినప్పుడు, పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన ఫోనులో ఎవరికో "ఎల్వీ ప్రసాద్‌లోనే ఉన్నాను, చుక్కలు వేశారు, ఇంకో గంట పడుతుంది" అని చెబుతున్నారు. ఒక మనిషి పేరు ఇలా ఒక చోటి పేరుగా స్థిరపడిపోవడం గురించి నేను ఆలోచిస్తుండగా, కళ్లు మూసుకుని కూర్చున్న అమ్మ "మిస్సమ్మ తీసింది ఈయనే కదరా" అంది. ఆ మధ్యాహ్నం మొదలైన ఆలోచనే ఈ వ్యాసానికి కారణం.

ఎల్వీ ప్రసాద్‌ను దర్శకుడిగా, నిర్మాతగా, ఫిల్ము ప్రయోగశాలల అధిపతిగా, దాతగా తలుచుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నటుడిగా తలుచుకునేవాళ్లు మాత్రం తక్కువ. ఆయన ఇల్లు విడిచి వెళ్లింది నటుడు కావడానికే. ఆ కోరిక పూర్తిగా తీరలేదు. తీరని ఆ నటన అంతా ఇతరుల ముఖాల మీదుగా తెర మీదికి వచ్చిందని, మన గొప్ప నటులలో కొందరిని అదే తీర్చిదిద్దిందని నా నమ్మకం.

అక్కినేని లక్ష్మీవరప్రసాదరావు 1908 జనవరి 17న ఏలూరు దగ్గరి సోమవరప్పాడులో ఒక రైతు కుటుంబంలో పుట్టారు. చదువు మీద ఆయనకు మనసు నిలవలేదు. ఊళ్లోకి వచ్చే నాటకాల వాళ్ల మీద, ఏలూరు డేరాల్లో ఆడే మూగ సినిమాల మీదే ఆయన ధ్యాసంతా ఉండేది. చిన్న వయసులోనే మేనమామ కూతురు సౌందర్య మనోహరమ్మతో పెళ్లయింది. తండ్రి అప్పులపాలయ్యారు, ఇల్లు గడవడం కష్టమైంది. అలాంటి సమయంలో, చేతిలో ఉన్న కాస్త డబ్బుతో, హిందీ సరిగా రాకుండానే, ఎవరికీ చెప్పకుండా ఆయన బొంబాయి రైలెక్కారు. ఇల్లాలిని వదిలి వెళ్లడాన్ని నేను మెచ్చుకోలేను. అయితే ఆ ఇల్లాలి వైపు నిలబడి ఆ తరువాత ఆయన ఎన్ని సినిమాలు తీశారో చూసినప్పుడు, వదిలి వచ్చిన ఇల్లు ఆయన మనసులోంచి ఎన్నడూ పోలేదని తోస్తుంది.

బొంబాయిలో ఆయనకు దొరికినవి స్టూడియోలో చిల్లర పనులు, మూగ సినిమాల్లో చిన్న వేషాలు. పిలవడానికి పొడుగ్గా ఉందని అక్కడే ఆయన పేరును ఎల్.వి. ప్రసాద్‌గా కుదించారని చెబుతారు. 1931లో అర్దేషిర్ ఇరానీ తీసిన తొలి హిందీ టాకీ 'ఆలం ఆరా'లో ఆయన కనిపించారు. ఇరానీ సంస్థ ద్వారానే దర్శకుడు హెచ్.ఎం. రెడ్డి పరిచయమై, అదే ఏడు 'కాళిదాస్'లోనూ, ఆ వెంటనే వచ్చిన 'భక్త ప్రహ్లాద'లోనూ వేషాలు దొరికాయి. ఈ విధంగా హిందీ, తమిళ, తెలుగు భాషల తొలి టాకీలు మూడింటిలోనూ నటించిన ఘనత ఆయనకు దక్కింది. అయినా ఆ వేషాల స్థాయిని మరిచిపోకూడదు. 'భక్త ప్రహ్లాద'లో ఆయన పాత్ర చండామార్కుల బడిలోని మొద్దబ్బాయి. చరిత్రకు అంత దగ్గరగా నిలబడి కూడా ఆయన ఒక మూలనే ఉండిపోయారు. ఆ మూల నుంచి చూసినవాడికి సెట్టు మొత్తం కనిపిస్తుంది. దీపాలు ఎక్కడ పెడుతున్నారో, పెద్ద నటుడు ఎందుకు తడబడుతున్నాడో, చిన్న నటుడు ఎందుకు బిగుసుకుపోతున్నాడో అన్నీ తెలుస్తాయి. ఆయన దాదాపు పదిహేనేళ్లు ఆ చదువే చదివారు.

దర్శకుడిగా తొలి చిత్రం 'గృహప్రవేశం' 1946లో వచ్చింది. అప్పటికి ఆయనకు 38 ఏళ్లు. భానుమతి సరసన కథానాయకుడు కూడా ఆయనే. దర్శకుడు గూడవల్లి రామబ్రహ్మం జబ్బుపడి వదిలిన 'పల్నాటి యుద్ధం'ను పూర్తిచేసే బాధ్యతా ఆ రోజుల్లోనే ఆయన భుజాల మీద పడింది. 1948 నాటి 'ద్రోహి'లో మరోసారి నటించారు. ఆ తరువాత చాలాకాలం కెమెరా వెనకే నిలిచారు. ఆ నిర్ణయం తెలుగు సినిమాకు మేలు చేసింది.

1949లో మీర్జాపురం రాజా, కృష్ణవేణి దంపతులు నిర్మించిన 'మనదేశం'లో ఒక కొత్త కుర్రవాడు పోలీసు ఇన్‌స్పెక్టరు వేషం వేశాడు. లాఠీఛార్జి సన్నివేశంలో ఆ కుర్రవాడు పాత్రలో లీనమై ఎదుటివాళ్లను నిజంగానే బాదాడన్న సంగతి ప్రసిద్ధమే. ఆ కుర్రవాడు నందమూరి తారకరామారావు. ఆయనను తెరకు పరిచయం చేసిన ఖ్యాతి ప్రసాద్‌కు ఎలాగూ ఉంది. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది మరుసటి సంవత్సరం జరిగిన పని. చేతిలో లాఠీ ఉంటే తప్ప ఊరుకోలేని ఆ ఆవేశాన్ని 'షావుకారు'లో ఒక చదువుకున్న పల్లెటూరి అబ్బాయి నెమ్మదితనంగా ఆయన మార్చగలిగారు.

'షావుకారు' విజయా సంస్థ తొలి చిత్రం. రచన చక్రపాణిది, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్‌లేది, సంగీతం ఘంటసాలది. పక్కపక్క ఇళ్లలో ఒకే కుటుంబంలా మసలుకున్న రెండు కుటుంబాలు ఒక తగవుతో విరోధులయ్యే కథ అది. అందులో యుద్ధాలు లేవు, దేవుళ్లు లేరు. రెండు ఇళ్లు, మధ్యలో అహంకారం, అంతే. గోవిందరాజుల సుబ్బారావు వేసిన చెంగయ్య దుర్మార్గుడు కాదు. ఒకసారి మాట జారి, దాన్ని వెనక్కి తీసుకోలేక ఇంకా ఇంకా దిగబడే పెద్దమనిషి ఆయన. అలాంటివాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మా తాతగారి ఊళ్లోనూ ఒకరుండేవారు. సున్నం రంగడిగా ఎస్వీ రంగారావు, సుబ్బులుగా జానకి కనిపించిన తీరు చూస్తే, వేషం ఎంత చిన్నదైనా, నటి ఎంత కొత్తదైనా దర్శకుడు వదిలిపెట్టలేదని అర్థమవుతుంది. జానకి పేరు ముందు ఈ చిత్రం పేరే ఇంటిపేరుగా నిలిచిపోయింది. ఏ సన్నివేశాన్నైనా ముందు తాను నటించి చూపించి, ఆ తరువాత నటుల చేత చేయించడం ఆయన పద్ధతి అని సినీరంగపు పెద్దలు చెబుతారు. మొద్దబ్బాయి వేషం వేసినవాడికి చిన్న వేషం విలువ ఒకరు చెప్పనవసరం లేదు కదా.

ఇక 'మిస్సమ్మ' గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. 1955 సంక్రాంతికి వచ్చిన ఈ చిత్రంలో ముందు నాయికగా భానుమతిని తీసుకుని కొంత చిత్రీకరణ కూడా చేశారు. నిర్మాతలతో వచ్చిన అభిప్రాయభేదాల వల్ల ఆమె తప్పుకోగా ఆ పాత్ర సావిత్రికి దక్కింది. ఉద్యోగం కోసం భార్యాభర్తలమని అబద్ధమాడి ఒకే ఇంట్లో దిగిన ఇద్దరు నిరుద్యోగుల కథ అది. ఒక హిందూ యువకుడు, ఒక క్రైస్తవ యువతి. ఏ కాస్త చెయ్యి జారినా ఎబ్బెట్టుగా మారగల ఆ కథ ఎక్కడా గీత దాటదు. సావిత్రి చిరాకుపడుతుంది, విసుక్కుంటుంది, తల తిప్పుకుంటుంది. ఆ విసుగు వెనక దిక్కులేనితనం, ఆత్మాభిమానం రెండూ కనిపిస్తూనే ఉంటాయి. రామారావు చేసింది అంతకంటే కష్టమైన పని. ఆయన సినిమా మొత్తం సర్దుకుపోతూ, నవ్వుతూ, వెనక్కి తగ్గుతూ ఉంటారు. నాగేశ్వరరావు అంతటి నటుడు అమాయకపు అపరాధ పరిశోధకుడిగా నవ్విస్తారు. ఎవరూ హాస్యం చేస్తున్నట్టు కనిపించరు, అందరూ తమ తమ కష్టాల్లో నిజాయితీగా మునిగి ఉంటారు, నవ్వు మాత్రం మనకు వస్తుంది. ఇదే కథను ఆయన తమిళంలో జెమినీ గణేశన్, సావిత్రిలతోనూ, హిందీలో 'మిస్ మేరీ'గా మీనాకుమారితోనూ తీశారు. మూడు భాషల్లోనూ చూసిన తరువాత నా ఓటు తెలుగుకే. మాతృభాష మీద మమకారంతోనే ఆ ఓటు వేస్తున్నానని ఒప్పుకుంటాను, అయినా దాన్ని మార్చుకోను.

'సంసారం', 'పెళ్ళిచేసి చూడు', శివాజీ గణేశన్‌తో తమిళంలో తీసిన 'మనోహర', 'అప్పు చేసి పప్పు కూడు' ఒక్కొక్కటీ వేరే వ్యాసం కోరేవి. 1950ల రెండో సగం నుంచి ఆయన దృష్టి హిందీ వైపు మళ్లింది. రాజ్‌కపూర్, మీనాకుమారిలతో 'శారద', నందాతో 'ఛోటీ బహెన్' తీశారు. మన 'మూగమనసులు'ను ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వంలోనే 'మిలన్'గా, 'మరో చరిత్ర'ను బాలచందర్ దర్శకత్వంలోనే 'ఏక్ దూజే కే లియే'గా నిర్మించి దేశమంతటా ప్రదర్శించారు. ఒకప్పుడు హిందీ రాకుండా బొంబాయిలో దిగిన మనిషి ఆయన. 1982లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది.

'ఛోటీ బహెన్' కథలో చెల్లెలికి చూపు పోతుంది. సరిగ్గా 22 ఏళ్ల తరువాత, 1981లో, సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో కమల్ హాసన్ అంధుడైన వయొలిన్ కళాకారుడిగా నటించిన 'రాజ పార్వై' వచ్చింది. తెలుగులో అది 'అమావాస్య చంద్రుడు'. అందులో మనవరాలి ప్రేమను అర్థం చేసుకుని ఆమె పక్షాన నిలిచే తాతయ్యగా 73 ఏళ్ల ఎల్వీ ప్రసాద్ కనిపిస్తారు. ఆ వేషంలో ఎక్కడా ఆర్భాటం లేదు. మాట నెమ్మది, నడక నెమ్మది, కళ్లలో కొంటెతనం. అర్ధశతాబ్దం పాటు దాచుకున్న నటన ఆ ముసలాయనలో హాయిగా బయటపడింది.

మరి ఆరేళ్లకు, 1987లో, అమెరికా నుంచి తిరిగి వచ్చిన డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో కంటి వైద్య సంస్థను ప్రారంభించారు. దానికి ప్రసాద్ కుటుంబం కోటి రూపాయలు, ఐదెకరాల స్థలం ఇచ్చింది. పై రెండు కథలకూ ఈ దానానికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. చూపు అనే విషయం ఆ జీవితంలో మూడుసార్లు ఎదురుపడటం మాత్రం నన్ను కదిలించింది. 1994 జూన్ 22న ఆయన కన్నుమూశారు. డబ్బు కట్టలేనివాళ్లకు అక్కడ ఇవాళ్టికీ ఉచితంగానే వైద్యం చేస్తున్నారు.

శస్త్రచికిత్స జరిగిన పదిహేను రోజులకు, కంటి చుక్కలు వేసుకున్న తరువాత, అమ్మ 'మిస్సమ్మ' పెట్టమని అడిగింది. ఇద్దరం కూర్చుని చూశాం. సావిత్రి ముఖంలో ఇన్ని మార్పులు ఉన్నాయని ఇన్నేళ్లూ తెలియలేదని అంది. ఆ తరువాత సావిత్రి విసురుగా తల తిప్పుకున్న ఒక చోట నన్ను ఆపమని, మళ్లీ వెనక్కి పెట్టించి చూసి, "ఇది ఆయన చేసి చూపించిందే అయ్యుంటుందిరా" అంది.