ఆరేసి అడుగులు

మొన్న ఆదివారం మా మందిరంలో పెన్‌డ్రైవ్ మొరాయించింది. ఆరాధన మొదలయ్యే వేళకు ట్రాక్ రాలేదు. కీబోర్డు తమ్ముడు ల్యాప్‌టాప్ మీదికి వంగాడు. పాట నడిపించే చెల్లెమ్మ మైకులో "ఒక్క నిమిషం, అందరూ చేతులెత్తి స్తుతిస్తూ ఉండండి" అంది. చేతులైతే లేచాయి, నోళ్లు లేవలేదు. రెండు వందల మంది దాకా ఉన్నాం, ఫ్యాన్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. ఎవరినో అనడం ఎందుకు, నేనూ చెయ్యెత్తి, ఒక కన్ను తెరిచి, ల్యాప్‌టాప్ వైపే చూస్తున్నా. నాలుగైదు నిమిషాలకు ట్రాక్ వచ్చింది. హల్లెలూయా అని హాలు దద్దరిల్లింది. ఆ హల్లెలూయా దేవుడికా, పెన్‌డ్రైవ్‌కా?

ఇంటికొచ్చాక కూడా అది గుచ్చుతూనే ఉంది. రాత్రి సమూయేలు రెండో గ్రంథం ఆరో అధ్యాయం తెరిచాను. దేవుడి ఆజ్ఞల పలకలున్న పెట్టెను, అంటే మందసాన్ని, యెరూషలేముకు తెస్తుంటే దాని ముందు దావీదు రాజు చేసిన నాట్యం గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, స్తుతి మీద ప్రసంగమంటే ఆ వచనం రాకుండా పోదు. నన్ను పట్టుకున్నది వేరే. ఆ అధ్యాయంలో ఊరేగింపులు రెండున్నాయి. మొదటిదానిలో లోటేముంది చెప్పండి. సితారాలు, స్వరమండలాలు, తంబురలు, మృదంగాలు, పెద్ద తాళాలు, అన్నీ ఉన్నాయి. దినవృత్తాంతాల్లో చూస్తే అప్పుడు కూడా ఉన్న బలమంతా పెట్టే పాడారు. సౌండుకు తక్కువ లేదు, ఉత్సాహానికీ తక్కువ లేదు. కానీ మందసం కొత్త బండి మీద ఉంది. నాకోను కళ్లం దగ్గర ఎడ్లకు కాలు జారింది, బండి తోలుతున్న ఉజ్జా మందసాన్ని పట్టుకోవాలని చెయ్యి చాపాడు. తర్వాత సంగతి తెలిసిందే, అక్కడికక్కడే చనిపోయాడు.

ఆ బండి ఎవరి ఆలోచన? సమూయేలు మొదటి గ్రంథానికి వెళ్లండి, అక్కడా ఆరో అధ్యాయమే. కొత్త బండికి రెండు పాడి ఆవులను కట్టి మందసాన్ని సాగనంపింది, అంతకుముందు యుద్ధంలో దాన్ని పట్టుకుపోయిన ఫిలిష్తీయులు. మోసేవాళ్లు లేరు కాబట్టి వాళ్లు బండి కట్టారు. మోసేవాళ్లున్న ఇంటికి బండెందుకొచ్చింది? సంఖ్యాకాండం ఏడో అధ్యాయంలో దేవుడి గుడారం సామాను మోసే లేవీ వంశాలకు మోషే బండ్లు పంచిపెట్టిన లెక్క ఉంది. గెర్షోనీయులకు 2 బండ్లు, 4 ఎద్దులు. మెరారీయులకు 4 బండ్లు, 8 ఎద్దులు. కహాతీయులకు ఒక్కటీ లేదు. వాళ్లది మందసంలాంటి పవిత్రమైన వాటిని భుజాల మీద మోసే పని. గుడారపు తెరలు బండెక్కవచ్చు, స్తంభాలు, మేకులు ఎక్కవచ్చు. మందసం ఎక్కకూడదు.

కీబోర్డు, మైకు, స్క్రీను, ఇవన్నీ తెరలు, మేకుల లెక్కలోకే వస్తాయని నా ఉద్దేశం. వాటి మీద నాకు కోపం లేదు, మా అబ్బాయే మందిరంలో డ్రమ్స్ కొడతాడు. రెండో ఊరేగింపులోనూ వాయిద్యాలున్నాయి. హేమాను, ఆసాపు, ఏతాను అనే పాటగాళ్లు తాళాలు వాయించారు. వాళ్లు మానింది బండిని. మనమేమో స్తుతిని తీసుకెళ్లి బండి మీద పెట్టి, వెనకాల చప్పట్లు కొట్టుకుంటూ నడుస్తున్నాం. బండి ఆగితే మనమూ ఆగిపోతున్నాం.

రెండోసారి భుజాల మీద మోస్తూ "ఆరేసి యడుగులు సాగగా" ఎద్దును, కొవ్విన దూడను బలి అర్పించారు. మన బైబిల్లో ఆరు అని లేదు, ఆరేసి అని ఉంది. ఆ 'ఏసి' దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆరడుగులు, ఆగడం. మళ్లీ ఆరడుగులు, ఆగడం. అలిపిరి నుంచి 3,550 మెట్లకూ పసుపు కుంకుమ పెట్టుకుంటూ, వంగుతూ లేస్తూ కొండెక్కేవాళ్లను చూస్తూ పెరిగినవాణ్ణి, ఆ నిదానం ఎలా ఉంటుందో నాకు తెలుసు. బండి మీద వెళ్లేవాడు అడుగులు లెక్కపెట్టడు. భుజం నొప్పి పుట్టినవాడు ప్రతి అడుగుకూ "ఇంతవరకు తెచ్చావు ప్రభువా" అంటాడు. దావీదు కాళ్లు ఆడింది ఆ నిదానంలోనే.

మా అవ్వది పలమనేరు దగ్గర పల్లె. విత్తనానికి చెనక్కాయలు ఒలుస్తూ కీర్తనలు పాడేది. కాయను రాతి మీద టక్కున కొట్టడం, గింజలు చేటలో వేయడం, పొట్టు పక్కకు తోయడం. కీర్తనల పుస్తకంలో ప్రతి పాట పైనా రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి కదా, అవ్వకు చదువు రాదు, ఆది తాళమని తెలియదు. కాయ దెబ్బ మాత్రం ఎప్పుడూ తప్పేది కాదు. తాత పోయిన నాలుగో రోజు కూడా పాడింది. పక్కింటామె వచ్చి "చావింట్లో పాటలేంది మే" అనింది. అవ్వ జవాబివ్వలేదు, ఇంకో కాయ తీసుకుంది.

దావీదు నాట్యాన్ని భార్య మీకాలు కిటికీలోంచి చూసి ఈసడించుకుంది. ఆ కిటికీ మా ఊళ్లోనూ ఉండేది. క్రిస్మస్ రాత్రి ఒకాయన చలిమంట దగ్గర పలక డప్పు కాచి, వేలితో తట్టి చూసుకుని కొడితే ఊరంతా లేచేది. గుడి లోపలికి మాత్రం పెద్దలు దాన్ని రానిచ్చేవాళ్లు కాదు. చావుకు కొట్టేదంట. ఆయన పలకను వరండాలో చెప్పుల పక్కన ఆనించి లోపలికొచ్చి, గోడకు చేరగిలి చప్పట్లు కొట్టేవాడు. చావును గెలిచినవాడి ఎదుట ఆ పలక మోగకూడదని ఏ వచనంలో ఉందో ఇప్పటికీ నాకు దొరకలేదు.

గట్టిగా అరిస్తేనే స్తుతి అని నేననను. బిడ్డ కోసం ప్రార్థిస్తున్న హన్నా పెదవులు మాత్రమే కదిలాయి, తాగి వచ్చిందనుకున్నాడు యాజకుడు ఏలీ. కానీ ఆ పెదవులు ఆమెవి. యేసు బాగుచేసిన పదిమంది కుష్ఠరోగుల్లో ఒక్క సమరయుడే గొంతెత్తి మహిమపరుస్తూ వెనక్కి వచ్చాడు, అతనికి ఎవరూ మైకులో చెప్పలేదు. తమ్ముడా, చెల్లీ, చప్పట్లు కొట్టండి. సిగ్గేస్తే చిన్నగా కొట్టండి. శ్రుతి తప్పితే తప్పనివ్వండి, పక్కవాళ్లు తిరిగి చూస్తే చూడనివ్వండి. వారమంతా ఆయన చేసిన మేలు ఒక్కటి, మీ సొంత మాటల్లో, మీ ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే పైకి చెప్పండి. కీబోర్డు తమ్ముళ్లారా, మొదటి పాట ఒక్కటి ఉత్త గొంతులకు వదిలిపెట్టండయ్యా. నేను అడిగితే మావాళ్లు "చూద్దాంలే అన్నా" అన్నారు.

సోమవారం పొద్దున అవ్వ పాట ఒకటి ఎత్తుకున్నాను. రెండు చరణాలు వచ్చాయి, మూడోది గుర్తు రాలేదు. అమ్మకు ఫోన్ చేసి "అవ్వ పాడేది కదా, మూడో చరణం ఎట్లా?" అన్నా. "ఇప్పుడెందుకురా" అంటూనే, అవతల కుక్కర్ విజిలేస్తుండగా అందుకుంది. ఆఫీసుకు టైమైంది, బండి తాళం చేతిలోనే ఉంది. గుమ్మంలో నిలబడి ఆమెతో పాటు పాడుతున్నా.