పరపతి సంఘంలో దాచిన డబ్బుకు పూచీ ఎవరిది?

బోర్డు మీద ‘సహకార’ అని కనిపించగానే ప్రభుత్వ పూచీ ఉందనుకోవద్దు. సహకార బ్యాంకు వేరు, పరపతి సంఘం వేరు. డిపాజిట్లకు బీమా ఇచ్చేది రిజర్వు బ్యాంకు అనుబంధ సంస్థ డీఐసీజీసీ. అర్బన్, జిల్లా, రాష్ట్ర సహకార బ్యాంకులు దాని కిందికి వస్తాయి. ఊళ్లోని ప్రాథమిక పరపతి సంఘాలు, 1995 మ్యాక్స్ (పరస్పర సహాయ సహకార సంఘాల) చట్టం కింద నమోదైన పొదుపు సంఘాలు రావు. సంఘం రిజిస్ట్రేషన్ పత్రం బీమా పత్రం కాదు, ఎంత మంచి వడ్డీ ఇచ్చినా సరే. డబ్బు కట్టేముందే డీఐసీజీసీ వెబ్‌సైట్‌లోని బీమా బ్యాంకుల జాబితాలో పేరు చూసుకోండి.

2020 ఫిబ్రవరి 4 నుంచి బీమా పరిమితి 5 లక్షలు. ఇది ఒక్కో ఖాతాకు కాదు, ఒక బ్యాంకులో ఒక్కో మనిషికి. అన్ని బ్రాంచీలూ కలిపి, వడ్డీతో సహా. అసలు 4,80,000, వడ్డీ 40,000 అయితే వచ్చేది 5,00,000. మిగతా 20,000కు బీమా లేదు. చాలామంది దెబ్బతినేది ఇక్కడే, అసలు మాత్రమే లెక్కేసుకుని. అదే బ్యాంకులో అప్పుంటే, బాకీ మినహాయించుకునే అధికారం బ్యాంకుకు ఉంది.

జాయింటు ఖాతాకు విడిగా 5 లక్షలు. పేర్ల వరుస కూడా లెక్కలోకి వస్తుంది: భర్త పేరు ముందున్న ఖాతా, భార్య పేరు ముందున్న ఖాతా వేర్వేరు.

డబ్బు తీసుకోకుండా బ్యాంకు మీద రిజర్వు బ్యాంకు ఆంక్షలు పెడితే, డీఐసీజీసీ చట్టానికి 2021లో చేసిన సవరణ ప్రకారం 90 రోజుల్లో బీమా సొమ్ము అందాలి. బ్యాంకు మొదటి 45 రోజుల్లో క్లెయిముల జాబితా డీఐసీజీసీకి పంపాలి. డిపాజిటరు సమ్మతి, మరో ఖాతా వివరాలు ఇవ్వకపోతే ఆలస్యమవుతుంది. అందుకే కేవైసీ ఇప్పుడే సరిచేయించుకోండి.