స్టోర్ రూమ్‌లో ఆఫీసు

మా ఫ్లాట్‌లో స్టోర్ రూమ్ కొలత ఏడడుగులు బై ఐదున్నర. బియ్యం డ్రమ్ము, వాడని గ్రైండరు, ఆవకాయ జాడీలు, మూడు సూట్‌కేసులు, పండక్కి మాత్రమే కిందికి దిగే ఇత్తడి సామాను, ఇవన్నీ పోగా మనిషి నిలబడే చోటు ఓ అడుగున్నర మిగులుతుంది. 2023 ఏప్రిల్లో దాన్నే ఆఫీసు గది చేసుకుంటానని నేనన్నప్పుడు మా ఆయన నవ్వాడు, అత్తయ్య నవ్వలేదు. మరి సామానంతా ఎక్కడికి పోతుందని అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

నాది మెడికల్ కోడింగ్ ఉద్యోగం, వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచే. ఒక పక్క డాక్టర్లు రాసిన చార్టు, ఇంకో పక్క జబ్బులకీ చికిత్సలకీ వేసే కోడ్‌లు, రోజుకి ఎనిమిది గంటలు ఆ రెండింటి మధ్య కళ్లు తిప్పుతూ కూర్చోవడమే పని. అంతకుముందు రెండేళ్లు డైనింగ్ టేబుల్ మీద, అక్కడ భోజనాల వేళకి లేపేస్తారు కాబట్టి మిగతా టైములో మంచం మీద బాసింపట్టు వేసుకుని మడత బల్ల ముందు నెట్టుకొచ్చాను. మెడ దగ్గర మొదలైన నొప్పి భుజం దిగి మోచేతి దాకా వచ్చింది. అప్పుడు తొందరపడి ఆన్‌లైన్‌లో ఒక కుర్చీ తెప్పించాను, 2,800. ఎరుపూ నలుపూ రంగుల్లో, ఫొటోలో రాకెట్‌లా ఉంది. మూడో వారానికల్లా నేను కూర్చోగానే మెల్లిగా కిందికి దిగిపోవడం మొదలుపెట్టింది. వాపసు గడువు పది రోజులే, అది దాటిపోయింది, అమ్మినవాళ్లు మెయిల్‌కి జవాబు కూడా ఇవ్వలేదు. ఇక్కడ చెప్పే లెక్కలో ఆ 2,800 కలపలేదు, కలిపితే నాకే బాధ.

ఈసారి మొత్తం 15,000లో అయిపోవాలని అనుకున్నాం. దుకాణానికి వెళ్లే ముందు టేపు పట్టుకుని నన్ను నేను కొలుచుకున్నాను. నా ఎత్తు ఐదడుగుల ఒక అంగుళం. కుర్చీలో నిటారుగా కూర్చుని, పాదాలు రెండూ నేలకి ఆన్చి, భుజాలు వదిలేసి, మోచేతిని ఎల్ ఆకారంలో వంచితే, నేల నుంచి మోచేతి దాకా ఎంత వస్తుందో బల్ల కూడా ఇంచుమించు అంతే ఎత్తుండాలి. నాకు 26 అంగుళాలు వచ్చింది. మా డైనింగ్ టేబుల్ కొలిస్తే 30. రెండేళ్లపాటు నాలుగంగుళాలు భుజాలు పైకెత్తుకుని టైప్ చేశానన్నమాట! బజార్లో దొరికే రెడీమేడ్ టేబుళ్లు చాలావరకు 29, 30 దగ్గరే ఉంటాయి. ఐదడుగుల ఎనిమిది, తొమ్మిది ఉన్న మగవాళ్లకి అవి సరిపోతాయేమో, నాలాంటివాళ్లు కుర్చీ పైకి లేపుకుంటే కాళ్లు గాల్లో వేలాడతాయి, దించుకుంటే చేతులు చెట్టెక్కుతాయి. కాబట్టి రెడీమేడ్ టేబుల్ ఆలోచన అక్కడే మానేశాను.

సామాను సంగతి తేలడానికి వారం పట్టింది. గ్రైండరు మా ఆడపడుచు తీసుకెళ్లింది, సూట్‌కేసులు అటకెక్కాయి, బియ్యం డ్రమ్ము వంటగది బాల్కనీలోకి పోయింది. జాడీలు మాత్రం అక్కడే ఉంటాయని అత్తయ్య తేల్చి చెప్పింది, ఎందుకంటే ఇంట్లో ఎండా తడీ తగలని చోటు అదొక్కటే. సరే, గది పొడవు ఏడడుగులు, బల్ల ఐదడుగులు, మిగిలిన రెండడుగుల మూల జాడీలకి, ఇత్తడి పెట్టెకి. ఇప్పటికీ నేను మీటింగ్‌లో ఉన్నప్పుడు ఆవిడ వచ్చి జాడీ మూత తీస్తే, అవతలివాళ్లకి చెప్పలేను గానీ, ఆ ఐదు నిమిషాలు నా బుర్ర పని చేయదు.

తర్వాత దిక్కుల పంచాయితీ. మామయ్య గారు తూర్పు ముఖంగా కూర్చోవాలన్నారు. కిటికీ ఉన్నది తూర్పు గోడకే. ఎందుకొచ్చిన వాదన అని స్టూలు మీద లాప్‌టాప్ పెట్టి మూడు రోజులు అలాగే చేసి చూశాను. పొద్దున్న పది దాకా ఎండ నేరుగా మొహం మీద, ఆ వెలుగు ముందు స్క్రీన్ నల్లపలకలా కనిపిస్తుంది. కిటికీకి వీపు పెడితే స్క్రీన్ మీద కిటికీయే కనిపిస్తుంది. కిటికీ పక్కకి వచ్చేలా కూర్చోవడం ఒక్కటే దారి. ఉత్తరం వైపు తిరిగితే వెలుగు కుడి పక్క నుంచి వస్తుంది, ఉత్తరం కుబేరుడి దిక్కు కాబట్టి మామయ్య గారికీ అభ్యంతరం లేకపోయింది. కుబేరుడు ఇంకా రాలేదు.

కుర్చీ కోసం ఆదివారం ఎర్రగడ్డ వెళ్లాం. మేముండేది హైదరాబాద్ మూసాపేట, మెట్రోలో రెండో స్టేషనే. ఆదివారం సంతలో దొరకని పాత వస్తువు ఉండదు. ఆ చుట్టుపక్కల షాపుల్లో ఆఫీసులు ఖాళీ చేసినప్పుడు వచ్చిన చక్రాల కుర్చీలు ఒకదాని మీద ఒకటి గుట్టగా ఉన్నాయి. కొత్తవి కొనాలంటే 10,000 పైన చెప్పే రకం కూడా ఆ గుట్టలో ఉంటుంది, దుమ్ము దులిపి చూడాలంతే. రాకెట్ కుర్చీ నేర్పిన పాఠం కాబట్టి ముందు చూసింది గ్యాస్ లిఫ్ట్, అంటే సీటుని పైకీ కిందికీ జరిపే గొట్టం. కూర్చుని, మీట లాగి పూర్తిగా పైకి లేపి, అలాగే కూర్చుని బేరం మొదలుపెట్టాను. బేరం ఎలాగూ పది నిమిషాలు పడుతుంది, ఈలోగా కుర్చీ దిగిపోతే తెలిసిపోతుంది. రెండు దిగిపోయాయి. ఒకదాంట్లో సీటు బొటనవేలితో నొక్కితే అడుగు చెక్క తగిలింది, స్పాంజి చచ్చిపోయిందన్నమాట. ఇంకోటి చాలా బాగుంది గానీ సీటు లోతెక్కువ. వీపు ఆనిస్తే సీటు అంచు మోకాలి వెనక పొడుస్తుంది, అక్కడ కనీసం రెండు మూడు వేళ్ల సందు ఉండాలి. చివరికి నల్ల మెష్ కుర్చీ ఒకటి, ఒక చేతికి రెగ్జిన్ చిరిగింది, 4,500 చెప్పాడు. ఆ చిరుగు పట్టుకుని వేలాడి 3,200కి తెచ్చాను. ఆటోకి 300. ఇంటికొచ్చాక చక్రాల్లో చుట్టుకున్న వెంట్రుకలు తీయడానికి గంట పట్టింది, ఎవరి ఆఫీసువో ఏమో. చిరిగిన చేతుల గొడవ కూడా తర్వాత దానంతట అదే తీరింది, నా పొట్టి బల్ల కిందికి ఆ చేతులు దూరవు కాబట్టి రెండూ ఊడదీసేశాం. ఆ చిన్న గదిలో చేతుల్లేని కుర్చీయే నయం.

ఇక బల్ల. ప్లైవుడ్ షీటు ఎనిమిది బై నాలుగు ధర అడిగి, చల్లగా బయటికొచ్చాం. మా ఇంటి దగ్గర పడగొట్టిన ఇళ్ల తలుపులూ కిటికీలూ అమ్మే షెడ్ ఒకటుంది, అక్కడ మా ఆయన కళ్లు ఒక బాత్రూమ్ తలుపు మీద పడ్డాయి. ఫ్లష్ డోరు, అంటే రెండు వైపులా నున్నగా ఉండే పలక తలుపు, ఆరున్నర అడుగుల పొడవు, రెండున్నర వెడల్పు, 30 మిల్లీమీటర్ల మందం. కింది భాగం నీళ్లు పీల్చి ఉబ్బింది, అందుకే 700కే ఇచ్చాడు. ఉబ్బిన అడుగున్నర కోసేస్తే మిగిలేది సరిగ్గా ఐదడుగులు! ఎవరో నాకోసమే ఆ తలుపు కింద నీళ్లు పోసినట్టుంది. ఇంటికి చేర్చడానికి ట్రాలీకి 200.

వడ్రంగి మేస్త్రీతో మాత్రం కాస్త పోట్లాట అయింది. "టేబుల్ అంటే ముప్పై ఇంచులే ఉంటది మేడం, అందరికీ గట్లనే చేస్తం, పొట్టిగ చేస్తే రేపు మీరే అంటరు" అన్నాడు. ఆయన ముందే కుర్చీలో కూర్చుని మోచెయ్యి వంచి టేపు పెట్టి చూపిస్తే ఊఁ అన్నాడు గానీ మొహంలో నమ్మకం లేదు. తలుపు కోస్తే లోపలి చెక్క ముక్కలు బయటపడతాయి కాబట్టి కోసిన అంచుకీ, బందుల గాళ్లు ఉన్న ముందు అంచుకీ సన్నటి పట్టీలు కొట్టాడు. పైన అతికించడానికి సన్‌మైకా కట్ పీసు 400, నిగనిగలాడేది వద్దని మ్యాట్ రకం తీసుకున్నాం, మెరిసేదైతే ట్యూబ్‌లైటు అందులో కనిపించి కళ్లు లాగుతాయి. ఫెవికాల్ 150. అతికించి, రాత్రంతా పైన రెండు పాతిక కిలోల బియ్యం బస్తాలు పెట్టాం. పాత తాళం తీసిన గుండ్రటి కన్నం ఒకటి మిగిలిపోయింది, మేస్త్రీ దాన్ని పూడ్చబోతుంటే ఆపాను. ఆ అంచు గోడ వైపు తిప్పితే వైర్లన్నీ అందులోంచి కిందికి పోతాయి. ఈ మొత్తం పనిలో నాకు బాగా ముచ్చటేసింది ఆ కన్నమే.

కాళ్లు వెల్డింగ్ షాపులో చేయించాం, ఇంచు చదరపు పైపు, కిలో లెక్క. మా ఆయన ఉత్సాహంగా నా కొలతకి ఓ అరంగుళం కలిపి ఎత్తు 26½ అని రాసిచ్చి వచ్చేశాడు, తలుపు మందం తీసేయాలన్న సంగతి మర్చిపోయి. రాత్రి అన్నం తింటుంటే గుర్తొచ్చి అప్పటికప్పుడు ఫోన్ చేసి 25¼ అని చెప్పాం, అదృష్టం, పైపు ఇంకా కోయలేదు. పదకొండు కిలోలు తూగింది, కిలో 130 చొప్పున 1,430, తుప్పు పట్టకుండా వేసే రెడ్ ఆక్సైడ్, నల్ల రంగు కలిపే. కాళ్ల కింద రబ్బరు బుష్‌లు అడిగి పెట్టించుకోండి, లేకపోతే టైల్స్ మీద గీతలు, పైగా కీబోర్డు నొక్కినప్పుడల్లా బల్ల వణుకుతుంది.

అన్నీ లోపల పెట్టాక తెలిసింది, తలుపు తెరిస్తే కుర్చీకి తగులుతుందని. బల్ల కొలిచాం, కుర్చీ కొలిచాం, నన్ను కొలిచాం, తలుపు ఎటు తెరుచుకుంటుందో చూడలేదు. తలుపు తీసేసి కర్టెన్ కడదామంటే కుక్కర్ విజిల్ నేరుగా మీటింగ్‌లోకి వస్తుంది. చివరికి మేస్త్రీయే బందులు మార్చి బయటికి తెరుచుకునేలా చేశాడు. బల్ల పని, ఈ పని కలిపి ఆయనకి 1,200.

మిగతావి చకచకా చెప్పేస్తాను. ఆ గదిలో ఒక బల్బు పాయింటు తప్ప ప్లగ్గు లేదు. హాల్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఇంకో బాక్సు తగిలించుకుంటూ లాగుదామన్న ఐడియా మాదే, ఎలక్ట్రీషియన్ వద్దని తిట్టి గోడ వెంట కేసింగ్ పట్టీలో కొత్త వైరు లాగి రెండు ప్లగ్గులిచ్చాడు, 1,100. గోడ ఫ్యాను 1,600, ట్యూబ్‌లైటు 250, రంగు మేమే వేసుకున్నాం, పుట్టీ బ్రష్షులతో కలిపి 1,150. కరెంటు పోతే లాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటుంది గానీ రౌటర్ ఆరిపోతుంది, దానికి చిన్న 12 వోల్టుల యూపీఎస్ 1,200. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు అని రాసుందో చూసుకోండి.

మానిటర్ సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీ కాంప్లెక్స్‌లో, 22 అంగుళాల పాతది, 3,000, కేబుల్ 250. స్క్రీన్ మొత్తం ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా పెట్టించి చచ్చిన చుక్కలున్నాయేమో చూశాను, పక్క నుంచి చూస్తే రంగులు మారిపోతున్నవి పక్కన పెట్టేశాను.

మొదటి రోజు మీటింగ్‌లో మా టీమ్ లీడ్ "బావిలోంచి మాట్లాడుతున్నారా?" అని అడిగింది. ఖాళీ గోడల మధ్య గొంతు మోగుతోంది. అత్తయ్య పాత చీరలతో కుట్టిన బొంత ఒకటి నా వెనక గోడకి వేలాడదీశాం, మోత చాలావరకు తగ్గింది. వీడియోలో చూసినవాళ్లు ఎక్కడ కొన్నారని అడుగుతుంటారు, అత్తయ్యకి చెబితే పైకి ఏమీ అనదు గానీ ఆ పూట కాఫీ చిక్కగా వస్తుంది.

మొత్తం 16,130 అయింది. 1,130 దాటింది, దాటించింది ఆ ఫ్యానే, మే నెలలో ఫ్యాను లేకుండా ఆ గదిలో కూర్చోమని ఎవరూ అనలేరు. రెండు నెలలకి మోచేతి నొప్పి పోయింది, మెడ ఇంకా అప్పుడప్పుడు పలకరిస్తుంది.

ఒక్కటే మిగిలింది. మానిటర్ స్టాండుకి ఎత్తు మార్చే వీల్లేదు, స్క్రీన్ పై అంచు కళ్లకి సమానంగా రావాలంటే ఇంకో మూడంగుళాలు కావాలి. ఇత్తడి పెట్టె వెనక మా పెళ్లి పీటలు కనిపించాయి. ఒకటి పెట్టి చూస్తే కొలత అతికినట్టు సరిపోయింది. అత్తయ్య చూసి కాసేపు ఏమీ అనలేదు, తర్వాత వరలక్ష్మీ వ్రతానికి మాత్రం ఇచ్చేయాలంది. ఆ శుక్రవారం పీట పసుపు రాసుకుని పూజలోకి వెళ్తుంది, మానిటర్ బల్ల మీదే పొట్టిగా కూర్చుంటుంది, నేనెలాగూ ఆ రోజు సెలవు.