కుక్కలా కూర్చున్న పంది పిల్ల

"అక్కా, ఇది పడుకోవట్లేదే!" తమ్ముడు పిలిచేసరికి ఉదయం 5 గంటలు. మూడు నెలల పిల్ల. కుక్కలా ముందుకాళ్లు చాపి కూర్చుని, నోరు తెరిచి, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీసుకుంటోంది. జ్వరం 106. పందికి 102, 103 మామూలే, 106 కాదు.

పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేశాం. బ్యాక్టీరియా న్యుమోనియాలా ఉందని డాక్టరుగారు ఇంజెక్షన్ చేశారు. పందులకు వైరస్ వల్ల వచ్చే స్వైన్ ఫీవర్ అనుమానం తీరాలని రక్తం కూడా తీసుకెళ్లారు. లేచి తిరిగినా కోర్సు మధ్యలో ఆపొద్దన్నారు.

వెళ్తూ అడిగారు, "ఈ షెడ్డులో మీకు కళ్లు మండట్లేదామ్మా?"

ఆ మాట ఇంకా గుచ్చుకుంటోంది. ఆనందపురం చలికి పిల్లలు వణుకుతాయని పది రోజులుగా చుట్టూ టార్పాలిన్లు బిగించేశాం. మూత్రం ఘాటంతా లోపలే. ఆ అమ్మోనియాకే గొంతు, ఊపిరితిత్తులు దెబ్బతిని క్రిములకు దారి దొరుకుతుందట. చలి నుంచి కాపాడుతున్నామనుకున్నాం.

దగ్గుతున్న మరో మూడింటిని వేరే గదిలోకి మార్చాం. టార్పాలిన్లు పైన జానెడు తెరిచాం, గాలి పిల్లల మీద పడకుండా. మందు వేసినవాటిని, వేశాక ఎన్నాళ్లు ఆగాలని సీసా మీద రాసి ఉందో ఆ గడువు దాటేదాకా అమ్మం, బేరగాడికీ చెప్పేశాం.

సాయంత్రం అది కాస్త నీళ్లు తాగింది. తమ్ముడు ఇంకా దాని పక్కనే ఉన్నాడు.