వెలిగామలో ఏడు రోజులు, లెక్కలేనన్ని మునకలు

మొదటి రోజు సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి అలపై జారడం) నేర్చుకుంటూ నేను నీళ్ళలో పడిన ప్రతిసారీ ఎక్కడినుంచో "మల్లీ!" అని కేక వినిపించేది. నోట్లో ఉప్పునీళ్ళు, ముక్కులో ఇసుక, జుట్టంతా కళ్ళ మీద. "మళ్ళీ" ప్రయత్నించమని శ్రీలంకలో నాకు తెలుగులో ధైర్యం చెప్పేవాళ్ళెవరబ్బా అనుకుంటూ బోర్డు లాక్కుని మళ్ళీ ఎక్కేదాన్ని. మూడో రోజుకి గానీ అసలు సంగతి తెలియలేదు. సింహళంలో మల్లి అంటే తమ్ముడు. అక్కడున్న కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పిలుచుకుంటున్నారు, అంతే. నా గోల ఎవరికీ పట్టలేదు.

నాకు 40 దాటాయి. ఈత వచ్చు గానీ అది స్విమ్మింగ్ పూల్ ఈత, కాలికి నేల అందుతుందన్న ధైర్యంతో కొట్టే ఈత. అందుకే శ్రీలంక దక్షిణ తీరంలోని వెలిగామ ఎంచుకున్నాను. పేరులోనే ఉంది, వెలి అంటే ఇసుక, గామ అంటే ఊరు. తీరం నెలవంకలా ఒంపు తిరిగి ఉంటుంది. కెరటం దూరంగా విరిగి, నురగై, తాపీగా ఒడ్డుకొస్తుంది. పడితే ఇసుకలోనే పడతాం. కాస్త పక్కన మిడిగామలో అయితే నీళ్ళ కింద రీఫ్ (పగడపు రాళ్ళ దిబ్బ) ఉంటుంది, దాని మీద ముళ్ళబంతుల్లాంటి సీ అర్చిన్లు. అది మనలాంటి వాళ్ళకి కాదు.

వెళ్ళింది జనవరిలో. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈ తీరానికి సీజన్. ఆ నెలల్లో ఈశాన్య గాలి ఇక్కడ నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది. ఎదురొచ్చే కెరటాన్ని చెదిరిపోకుండా నిలబెడుతుంది. మే వచ్చాక నైరుతి గాలి అంతా కెలికేస్తుంది, సర్ఫర్లు బోర్డులు సర్దుకుని తూర్పు తీరంలోని అరుగం బేకి వెళ్ళిపోతారు.

కొలంబో ఫోర్ట్‌లో రైలెక్కాను. చాలా దూరం పట్టాల పక్కనే సముద్రం. హిక్కడువ దగ్గర పెరలియ వచ్చేసరికి ఎదుటి సీట్లో పెద్దాయన మాట ఆపేసి కిటికీ వైపు తిరిగారు. 2004 డిసెంబరు 26న సునామీ ఇదే మార్గంలో వెళ్తున్న రైలును అక్కడే ముంచేసింది. వెయ్యిమందికి పైగా పోయారు. అదే సముద్రంలో ఆడుకోవడానికి వెళ్తున్నానని ఆయనకి చెప్పబుద్ధి కాలేదు.

ముందుగా డబ్బు కట్టిన సర్ఫ్ స్కూల్ పేరు చెప్పను. ఒక కోచ్, తొమ్మిదిమందిమి. బోర్డును వెనకనుంచి తోస్తారు, రెండు సెకన్లు నిలబడతాం, ఫోటో తీస్తారు. గంటలో అయిపోయింది. ఫోటోలో నేను పెద్ద సర్ఫర్‌లాగే ఉన్నాను. నాకు వచ్చింది మాత్రం సున్నా. ఆ సాయంత్రం మొహం వేలాడేసుకుని గదికి వెళ్తే, ఇల్లు అద్దెకిచ్చిన అమ్మ (అమ్మని వాళ్ళూ అమ్మ అనే అంటారు, అక్కని అక్కనే) వాళ్ళ చెల్లెలి కొడుకుని పిలిపించింది. 22 ఏళ్ళ కుర్రాడు. నన్ను అక్కా అన్నాడు. నేను తమ్ముడూ అన్నాను.

తమ్ముడు మర్నాడు ఒడ్డునే నా వెనక్కి వచ్చి, చెప్పాపెట్టకుండా వీపు మీద ఒక్క తోపు తోశాడు. తిట్టబోతే, "కుడికాలు ముందుకేశావక్కా. అయితే ఎడమకాలు వెనక" అని దానికే బోర్డు తాడు కట్టాడు. నిన్న స్కూల్లో కుడికాలికి కట్టారు. ఆ గంటసేపూ తిరగేసి నిలబడ్డానన్నమాట! ఆ తర్వాత అరగంట ఇసుకలోనే కసరత్తు. బోర్లా పడుకో, అరచేతులు పక్కటెముకల దగ్గర ఆనించు, ఒక్క ఊపులో లే. మోకాలు ఆనిస్తే ఒప్పుకోడు. "మోకాలు అలవాటైతే పోదక్కా."

నీళ్ళలోకి దిగడానికి ముందు ఇంకో అరగంట ఊరికే కూర్చోబెట్టాడు, సముద్రాన్ని చూడమని. నాకు చిరాకేసింది. కానీ నేర్చుకున్నదాంట్లో సగం అక్కడే నేర్చుకున్నాను. ఇక్కడినుంచి నేరుగా దక్షిణానికి పోతే అంటార్కిటికా దాకా నేల లేదు. ఆ కింద ఎక్కడో లేచిన తుఫాను అలలు వేల కిలోమీటర్లు వచ్చి ఈ ఇసుక మీద విరుగుతాయి. అందుకే వరసపెట్టి రావు, గుంపుగా నాలుగైదు వచ్చి కాసేపు ఆగుతాయి. ఆ విరామంలోనే లోపలికి వెళ్ళాలి. మరి అటూ ఇటూ అలలు విరుగుతుంటే మధ్యలో ఒకచోట నీళ్ళు ప్రశాంతంగా, కాస్త ముదురు రంగులో ఉన్నాయే? నేనైతే అక్కడే దిగేదాన్ని. అది రిప్ కరెంట్, లోపలికి లాగేసే ప్రవాహం. చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదకూడదు, అలసిపోతాం. ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది బయటపడి, అప్పుడు ఒడ్డుకి రావాలి.

రెండో రోజు, మూడో రోజు నురగలోనే. బోర్డు మీద మరీ ముందుకి పడుకుంటే దాని ముక్కు మునిగి నన్ను గిరాటేసేది. మరీ వెనక్కి పడుకుంటే అల కిందనుంచి జారిపోయేది. ఆ రెండింటి మధ్య జాగా జానెడు. లేచిన మరుక్షణం కాళ్ళెక్కడున్నాయో చూసుకునేదాన్ని, చూసుకున్న చోటే పడేదాన్ని. పక్కటెముకలు కమిలిపోయాయి, రాత్రి దువ్వెన పట్టుకోడానికి చేతులు లేవలేదు. సర్ఫింగ్ అంటే నిలబడటం అనుకుని వచ్చాను. నూటికి తొంభై పాళ్ళు బోర్లా పడుకుని చేతులతో నీళ్ళు తోయడమే.

నాలుగో రోజు పున్నమి, బౌద్ధులకి పండుగ, దురుతు పోయ అంటారు. ప్రతి పున్నమీ అక్కడ సెలవే, మందు అమ్మరు. తమ్ముడు తెల్లబట్టల్లో వాళ్ళమ్మని గుడికి తీసుకెళ్ళాడు. నా చేతులకి బుద్ధుడే సెలవిచ్చాడనుకుని ఆటోలో కొగ్గల వైపు వెళ్ళాను. నీళ్ళలో పాతిన కర్రల మీద కూర్చుని గాలం వేసేవాళ్ళని చూడాలని. కర్రల మీద మనుషులున్నారు, గాలాలూ ఉన్నాయి, చేపలే లేవు. ఫోటో తీయగానే ఒకాయన ఒడ్డుకొచ్చి డబ్బులడిగాడు. ఇచ్చాను. చేపల కంటే ఫోటోలకే ఎక్కువ వస్తుందంటే ఆయన్ని తప్పుపట్టడానికి నేనెవర్ని? ఆయన్ని ఆ కొయ్య మీద వేషగాణ్ణి చేసింది నాలాంటి వాళ్ళమేగా.

పర్యావరణం సంగతి ఇంటావిడ దగ్గరే ఎక్కువ నేర్చుకున్నాను. 2023 అక్టోబరు నుంచి ఆ దేశంలో ప్లాస్టిక్ స్ట్రాలు, చెంచాలు, ఇడియాప్పం వండే ప్లాస్టిక్ తట్టలు నిషేధం. ఆవిడ నవ్వి పేము తట్టలు చూపించింది, తమ ఇంట్లో ఎప్పుడూ ఇవేనని. నా సీసాలో కుండ నీళ్ళు పోసేది. నేను మాత్రం జింక్ సన్‌స్క్రీన్ పూసుకుని పగడాలకి మేలు చేశానని మురిసిపోతూ, ఫోమ్ బోర్డెక్కి తిరిగాను. ఆ బోర్డు నిలువెల్లా ప్లాస్టిక్. చెక్కుకుపోయిన అంచునుంచి తెల్లటి గింజలు రాలుతుంటే తమ్ముడు టేపు చుట్టి, "ఇంకో రెండు సీజన్లు వస్తుందక్కా" అన్నాడు. కొత్తది కొనకపోవడం కంటే పెద్ద పర్యావరణ సేవ నాకు అక్కడ కనిపించలేదు.

ఆవిడ మోకాళ్ళ లోతు దాటి ఎప్పుడూ దిగలేదట. సునామీ తర్వాత అసలే మానేసిందట. అరుగం బేలో 2018 నుంచి ఆడవాళ్ళకే ఒక సర్ఫ్ క్లబ్ ఉందని తమ్ముడు చెప్తే, "వాళ్ళు చిన్నపిల్లలు" అంది. కానీ ఐదో రోజు నుంచి ఒడ్డున కొబ్బరిచెట్టు కింద కూర్చుని నన్ను చూడటం మొదలుపెట్టింది.

ఆరో రోజు పొద్దున్నే విరగని అల దాకా వెళ్ళాం. ఆకుపచ్చగా, గాజులా ఉంది. తమ్ముడు తోయలేదు. "తోయమన్నప్పుడు నువ్వే తొయ్యి. లేచాక గుడి గోపురం చూడు, కాళ్ళు కాదు." బోర్డు తోక కింద ఏదో పైకెత్తినట్టయింది. ఇంకో రెండు తోపులు తోసి లేచాను. చప్పుడు ఆగిపోయింది. తెల్లటి గోపురం నా వైపు వస్తోంది. ఎన్ని సెకన్లో తెలీదు, ఆరు అన్నాడు తమ్ముడు. ఒడ్డున ఇంటావిడ లేచి నిలబడి ఉంది.

ఏడో రోజు ఎవరో విదేశీ అమ్మాయి నా పక్కనే తలకిందులుగా పడింది. లేచి ఏడుపు మొహం పెట్టింది. ఏ భాషలో చెప్పాలో తోచక "మళ్ళీ! మళ్ళీ!" అని అరిచాను. నలుగురు కుర్రాళ్ళు బోర్డులు తిప్పుకుని నా వైపు వచ్చేశారు, ఏంటక్కా అంటూ.